చారతల బాతు ఖాళీలో తవిటినాయుడు

పక్షుల్ని చూడ్డం అప్పట్లో పెద్ద సరదాగా ఉండేది. ఇంటి చూరులో పిచ్చుక గూడు కడితే చీపురుతో రాల్చేసే వాళ్లే ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని, విమానాలెక్కి వెళ్లి పొదల చాటున నక్కేవారు. కనబడిన పిట్టకల్లా పుస్తకంలో టిక్కు పెట్టుకునేవారు. ఎవరికి టిక్కులెక్కువుంటే వాళ్లు గొప్ప. ఇంతమంది ఇంత శ్రద్ధగా ఒక పని చేస్తుంటే ప్రభుత్వం ఊరుకోదు కదా. పక్షి వీక్షణ విహారయాత్రల సంస్థ అని ఒకటి పెట్టింది.

దేశాన్ని ఐదు జోన్లు చేసి, ఏ సెలవులకు ఏ జోన్‌కి వెళితే ఏ పక్షులు కనబడతాయో ముందే ప్రణాళిక వేసి, యాత్రలు అమ్మడం దాని పని. ఎండీగా చక్రధరరావు గారు వచ్చారు. అంతకు ముందు ఆయన ఉప్పు శాఖలో చేశారు, దానికి ముందు జైళ్ల శాఖలో. కాకినీ కోకిలనీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేరు గానీ, దేన్నయినా గళ్లు గీసి అందులో కూర్చోబెట్టగలరు.

ఆ సంస్థలో బదిలీలు చూసే సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు సనపల తవిటినాయుడు. ఎండు చింతబరికె లాంటి మనిషి. నవ్వడు. దేశంలో అందరి బదిలీలూ అతని చేతి మీదుగా జరుగుతాయి, అతని బదిలీ తప్ప.

అతనిది సముద్రం దగ్గర గున్నవలస. అక్కడ ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే పెద్ద పల్లం ఉంది, తంపర అంటారు. చలికాలం వస్తే దాని నిండా పక్షులే. అందుకని సంస్థ అక్కడ ఒక శాఖ పెట్టింది. ఆ శాఖలో చోటు కోసం తవిటినాయుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. భార్య వరహాలమ్మ గున్నవలసలోనే అంగన్‌వాడీ టీచరు గనక, భార్యాభర్తల్ని ఒకేచోట ఉంచాలన్న నిబంధన కింద పెట్టుకున్నాడు. కాగితం పై అంతస్తుకు వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ పైకి వెళ్లింది. ఈలోగా వరహాలమ్మకు జ్వరం తగిలింది. కాగితం పైనుండగానే ఆమె పోయింది. కర్మలు ముగించుకుని అతను ఆఫీసుకొచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. "దరఖాస్తుదారుని భార్య ప్రస్తుతం జీవించి లేనందున భార్యాభర్తల నిబంధన వర్తించదు. అభ్యర్థన ముగించడమైనది." కింద ఎండీ గారి సంతకం.

మూడో తరగతి చదువుతున్న కూతురు మాలిని అమ్మమ్మ సూరమ్మ దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది.

"నానా, ఎప్పుడొస్తావు?"

"బదిలీ అయ్యాక వస్తానమ్మా."

"బదిలీ ఏ బండికొస్తాది?"

ఆ సంగతి ఆఫీసులో కూడా ఎవరికీ తెలీదు.

గొడవ పడమటి జోన్ సభ్యుడితో మొదలైంది. బోర్డు సమావేశంలో ఆయన బల్ల గుద్దాడు.

"మా జోన్ యాత్రికుడూ అదే టిక్కెట్టు కొంటున్నాడండీ. దక్షిణ జోన్ వాడికి లేచిందగ్గర్నుంచీ కొంగలు, బాతులు. మాకేమున్నాయి? ఇసుక! ఆ ఇసుకలో నాలుగు పిట్టలు. అవి కూడా ఇసుక రంగులోనే ఏడ్చాయి!"

చక్రధరరావు గారు కళ్లు మూసుకున్నారు. నిద్రపోతున్నారని కొత్తవాళ్లు అనుకున్నారు. కళ్లు తెరిచి అన్నారు.

"ఇది ప్రాంతీయ అసమానత. పక్షులు ఒక జోన్‌లో అవసరానికి మించి పోగుపడి ఉన్నాయి. మరో జోన్‌లో ఖాళీలు భర్తీకి నోచుకోవడం లేదు. పరిపాలనలో దీనికి ఒకటే మార్గం."

"ఏమిటి సార్?"

"బదిలీలు."

ఎవరూ నవ్వలేదు. సమావేశపు వివరాలు రాస్తున్న తవిటినాయుడు కూడా తలెత్తలేదు. బదిలీలు అని రాసుకున్నాడు.

ఆ వారమంతా నిబంధనలు తయారయ్యాయి. గుడ్డు ఏ జోన్‌లో పొదిగితే పక్షికి అదే సొంత జోన్. చలికి వచ్చి ఎండలకు పోయేవన్నీ నాన్‌లోకల్. కోకిల గుడ్డు కాకి గూట్లో పెడుతుంది కాబట్టి దాని స్థానికతకు తల్లిని చూడాలా, పెంచిన కాకిని చూడాలా అన్నది తేలక, న్యాయ సలహా కోసం పంపారు. అది ఇప్పటికీ రాలేదు. నెమలికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, జాతీయ స్థాయి పోస్టు కాబట్టి.

చారతల బాతుల దగ్గరికొచ్చేసరికి ఎండీ గారు ఆగారు. తెల్లటి తల మీద రెండు నల్ల చారలుండే బాతులవి. గున్నవలస తంపరకి ఏటా హిమాలయాల మీదుగా ఎగిరొస్తాయి.

"ఇవి జన్మంతా ఒకే జతతో ఉంటాయటయ్యా. ఒకదాన్ని పడమటికేసి, రెండోదాన్ని ఇక్కడే ఉంచడం అమానుషం. జంటగానే వెయ్యాలి. రాసుకో నాయుడూ."

"రాసుకున్నానండి."

"విడదీస్తే బెంగతో చచ్చిపోతాయట."

"పోతాయండి," అన్నాడు తవిటినాయుడు.

ఆ నిబంధన ఆ సాయంత్రానికే సంతకమై వచ్చింది. దారిలో ఏ అంతస్తులోనూ ఆగలేదు.

బదిలీ ఉత్తర్వులు పక్షులకు అందజేయాలి. చెట్లకు అంటించారు. చెట్లు లేని చోట నీళ్లలో కర్రలు పాతి వాటికి కట్టారు. చదవడం రాని పక్షుల సౌకర్యార్థం మైకులో వినిపించారు. అయినా కదలని వాటిని విధుల నుంచి విడుదల చేయడానికి సిబ్బంది డప్పులూ, డబ్బాలూ, దీపావళికి మిగిలిన బాణసంచా పట్టుకుని బయల్దేరారు. గున్నవలస తంపర మీద చారతల బాతులు ఒక్కసారిగా లేచాయి. నీళ్ల మీద గుండ్రంగా తిరిగాయి. ఆకాశంలో బారు కట్టి ఎటో వెళ్లిపోయాయి. గున్నవలసలో విడుదలైనట్టు రాశారు. పడమటి జోన్ వాళ్లు చేరలేదని రాశారు. మధ్యలో ఉన్నట్టు ఎండీ గారు రాశారు.

గడువులోగా చేరని పక్షులన్నింటికీ సంజాయిషీ నోటీసులు అంటించారు. ఒక్కటీ జవాబివ్వలేదు. పేర్లు కొట్టేశారు. కాకులు మాత్రం అయిదు జోన్లలోనూ ఎక్కడ చూసినా హాజరులో ఉన్నాయి. వాటి క్రమశిక్షణను మెచ్చుకుంటూ సర్క్యులర్ వచ్చింది.

గున్నవలస యాత్రలు మాత్రం అప్పటికే అమ్ముడైపోయాయి. బస్సులు మాట్లాడేశారు. తంపరలో బాతులు లేవు. ఆఫీసు గోడ మీద ఖాళీల పట్టిక తగిలించారు. గున్నవలస దగ్గర పైనుంచి కిందిదాకా ఖాళీ, ఖాళీ, ఖాళీ అని ఉంది.

తవిటినాయుడు దాని ముందు నిలబడి చూశాడు. చూసి సూపరింటెండెంట్ రాజ్యలక్ష్మి గారి బల్ల దగ్గరికెళ్లాడు.

"మేడం, గున్నవలసకి మళ్లీ పెట్టుకుందునా?"

"ఎందుకయ్యా కాగితం దండగ? అక్కడున్నది ఒకటే కుర్చీ. అందులో ఎవరో పెద్దాయన బావమరిది కూర్చున్నాడు. ఒక్కరోజూ రాడు. కానీ కూర్చున్నాడు."

"గోడ మీద అన్ని ఖాళీలున్నాయండి మరి."

"అవి బాతులవి నాయుడూ!"

"అయితే బాతు ఖాళీలోనే ఎయ్యండి."

కడుపుమంట కొద్దీ అన్న మాట అది. రాజ్యలక్ష్మి గారు మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ రాజమండ్రి మనిషి, ఈ ఆఫీసులోనే జుట్టు నెరిసింది. అక్కడ ఎవరి ఖాళీలో వాళ్లున్నది ఆవిడ ఎన్నడూ చూడలేదు. లిఫ్టు నడిపేవాడు టైపిస్టు ఖాళీలో ఉన్నాడు. టైపిస్టు గణాంకాధికారి ఖాళీలో ఉంది. ఖాళీ ఒకటుంటే చాలు, దానికెదురుగా ఎవరి జీతమైనా తియ్యొచ్చు. గణాంకాధికారి ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు.

"ఎందుక్కూడదయ్యా? మా ఆయన డ్రాయింగు మాస్టారు. రిటైరయ్యేదాకా పశువుల డాక్టరు ఖాళీలోనే జీతం తీసుకున్నారు. ఒక్క గేదె కూడా అభ్యంతరం చెప్పలేదు."

ఆవిడ నోటు రాసి పెట్టింది. చక్రధరరావు గారు శ్రద్ధగా చదివారు.

"అర్హతలు సరిపోతాయా?"

"పుట్టిందీ పెరిగిందీ ఆ తంపర గట్టునే సార్. నీళ్లంటే భయం లేదు. ఒంటిగా ఉంటాడు. గొడవ చెయ్యడు."

"తిండి?"

"చేపలు తింటాడు సార్."

"ఆమోదించడమైనది," అన్నారు చక్రధరరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా అలాగే మాట్లాడతారు.

తవిటినాయుడు పెట్టె పట్టుకుని గున్నవలసలో దిగాడు. సూరమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏటి బాబూ, బదిలీ అయిపోనాదా? ఏ ఉద్యోగానికేటి?"

"బాతత్తా."

"ఏటి?"

"చారతల బాతు."

సూరమ్మ అతని చేతిలో పెట్టె అందుకుంది.

"జీతం తగ్గిస్తారేటి?"

"పాతదే."

"మరింకేటి. కాళ్లు కడుక్కోని రా, కూడు పెడతాను."

మాలిని అతని వీపు మీదెక్కి దిగలేదు. అన్నం తింటున్నంత సేపూ అక్కడే ఉంది.

డ్యూటీ కష్టమేమీ కాదు. తంపర మధ్య మట్టిదిబ్బ మీద, యాత్రికుల బస్సు వచ్చే వేళకు కనబడేలా కూర్చోవాలి. గొడుగు వేసుకోరాదు. బీడీ తాగరాదు. మాట్లాడరాదు. యాత్రికులు గట్టు మీద వరసగా నిలబడతారు, గైడు చెయ్యి చాపుతాడు.

"అదిగోండి, సంస్థ మంజూరు చేసిన చారతల బాతు!"

మొదటి రోజు యాత్రికులు కొంచెం తటపటాయించారు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. కానీ డబ్బు కట్టి ఇంత దూరం వచ్చాక టిక్కు లేకుండా ఎలా వెళ్తారు? ముందొకాయన పెట్టాడు. అందరూ పెట్టారు.

వాళ్లలో వసుంధర అని ఒకావిడ ఉంది. పట్నంలో పక్షి ప్రేమికుల సంఘానికి అధ్యక్షురాలు. మొగుణ్ని వెంటేసుకుని బస్సు వచ్చినప్పుడల్లా వచ్చేది.

"పుస్తకంలో కాళ్లు నారింజ రంగని ఉంది కదండీ?"

"బురదలో ఉన్నాయిగా కాళ్లు. ఎలా కనబడతాయి?"

"చారలేవీ మరి?"

"నుదుటి మీద చూడు. రెండున్నాయి."

"ఉన్నాయండోయ్!" అని ఆవిడ పొంగిపోయింది. తవిటినాయుడి నుదుటి మీద ముడతలు అప్పటికి చాలాకాలం నుంచీ ఉన్నాయి.

ఒకసారి తవిటినాయుడు దిబ్బ మీద చద్దన్నం మూట విప్పి ఉల్లిపాయ కొరికాడు. వసుంధర గారు ఆ ఉల్లిపాయ మీద సంఘం పత్రికలో పెద్ద వ్యాసం రాశారు.

ఇంకోసారి ఎవరో పిల్లాడు గట్టు మీంచి, "రోజూ ఇక్కడే ఉంటారా అంకుల్?" అని అరిచాడు. తవిటినాయుడు మర్చిపోయి, "ఆఁ," అన్నాడు. మాట్లాడినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. "మాట్లాడలేదు. కూశాను," అని రాసి పంపాడు. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదని జవాబొచ్చింది.

సాయంత్రం దిబ్బ దిగి కాళ్లు కడుక్కుని బడికి వెళ్లేవాడు. మాలిని పుస్తకాల సంచీ తన భుజానికి తగిలించుకునేవాడు. బళ్లో టీచరు, మీ నాన్న ఏం చేస్తారని అడిగితే మాలిని బాతు అని చెప్పింది. టీచరు చెవి మెలేసింది. మర్నాడు తవిటినాయుడు ఉత్తర్వు పట్టుకుని వెళ్లి చూపించాడు. టీచరు చదివి, లేచి నిలబడి, "కూర్చోండి సార్," అంది.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున కొత్త ఉత్తర్వు వచ్చింది. "చారతల బాతు పోస్టు వలస పోస్టు అయినందున, వలస కాలం ముగిసినందున, సదరు ఖాళీలో ఉన్న శ్రీ సనపల తవిటినాయుడును గున్నవలస నుంచి విడుదల చేయడమైనది. హిమాలయములు దాటి ఆవలి సరస్సులో రిపోర్టు చేయవలెను. రెక్కలు సొంతవి గనుక ప్రయాణ భత్యం వర్తించదు."

తవిటినాయుడు రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాడు.

"నేనేం చెయ్యనయ్యా. ఖాళీతో పాటు వలస కూడా వస్తుందని నాకు తట్టలేదు. వెళ్లకపోతే ఆ బాతులకి చేసినట్టే నీ పేరూ కొట్టేస్తారు. ఉద్యోగమే ఉండదు. నా మాట విని పాత కుర్చీకి వచ్చెయ్యి. దుమ్ము దులిపించి ఉంచుతాను."

"పాప ఇక్కడుందండి."

"తెలుసయ్యా. అందుకేగా ఇంత చేశాను," అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

సూరమ్మ పొయ్యి దగ్గర్నుంచే అడిగింది. "ఏటంటారు?"

"హిమాలయాలు దాటి ఎగిరి ఎల్లిపొమ్మంటన్నారు."

"ఆళ్లనే ఎగరమను, సూద్దాం," అంది సూరమ్మ. తవిటినాయుడు ఎప్పటిలాగే దిబ్బ మీదికెళ్లి కూర్చున్నాడు.

అతను కదలలేదన్న సంగతి పైకి వెళ్లింది. చక్రధరరావు గారు స్వయంగా వచ్చారు. ఏ సందర్భాన్నీ వృథా చెయ్యని మనిషి గనక, దాన్నీ ఒక యాత్రగా అమ్మించారు. వీడ్కోలు వీక్షణ అని పేరు పెట్టారు. షామియానా వేశారు. సన్నాయి మేళం పెట్టారు. గట్టు పొడుగునా ఆకుపచ్చ టోపీలే. ఎండీ గారు మైకు పుచ్చుకున్నారు.

"వలస అనునది ప్రకృతి యొక్క పరిపాలన. సమయపాలనలో పక్షులు మనకు ఆదర్శం. ఈ శుభ సమయమున మన చారతల బాతు తన తదుపరి విధులకై..." అని ఆగి తంపర వైపు తిరిగారు. "ఊఁ, లే నాయుడూ."

"లేవనండి."

మైకు ఆ మాటను గట్టంతా వినిపించింది. ఎండీ గారు మైకు మీద చెయ్యి పెట్టారు.

"ఇంతమంది ముందు అల్లరి పెట్టకు. కనీసం రెండు చేతులూ ఊపుకుంటూ అవతలి గట్టు దాకా వెళ్లు. తరవాత సంగతి తరవాత. సాయంత్రానికి నీ పేరు కొట్టేయించేలా చెయ్యకు."

తవిటినాయుడు లేచాడు. ఊపడానికి కాదు. అవతల నీళ్లలోంచి మాలిని వస్తోంది. గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, నెత్తి మీద క్యారేజీ పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నడిచొస్తోంది. తవిటినాయుడు ఎదురెళ్లి క్యారేజీ దింపుకుని, పిల్లను ఎత్తి దిబ్బ మీద నిలబెట్టాడు. అది అతని లుంగీ అంచుతోనే కాళ్లు తుడుచుకుంది.

గట్టు మీద వసుంధర గారి గొంతు లేచింది.

"పిల్ల! పిల్లుందండీ! గూట్లో పిల్లుంది!"

బైనాక్యులర్లన్నీ ఒక్కసారి తిరిగాయి.

"అయ్యో, ఎంత చిన్నదో! ఇంకా ఈకలైనా రాలేదు!"

వసుంధర గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎండీ గారి ముందు నిలబడ్డారు. కోపంతో టోపీ పక్కకు ఒరిగింది.

"పిల్లున్న పక్షిని గూటి దగ్గర్నుంచి తోలేస్తారా? మేళం పెట్టి మరీ? మీరు మనిషేనా? చట్ట ప్రకారం ఎంత నేరమో తెలుసా మీకు?"

గట్టు పొడుగునా ఫోన్లు పైకి లేచాయి. జైళ్ల శాఖలో పనిచేసిన మనిషి గనక లోపల ఎలా ఉంటుందో చక్రధరరావు గారికి తెలుసు. చేత్తో సైగ చేశారు. సన్నాయి ఆగింది. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్లలో దిగి దిబ్బ దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఇది నీ పిల్లేనా?"

"నాదేనండి."

"రెక్కలెప్పటికొస్తాయి?"

"ఇప్పుడు మూడో తరగతండి. చదువవ్వాల. తరవాత దాని ఇష్టం."

"తల్లిపక్షి ఏది? పిల్లను తల్లిపక్షికి అప్పగించి నువ్వు వెళ్లొచ్చు కదా."

"లేదండి."

"లేకపోవడమేమిటి? ఎక్కడికెళ్లింది?"

"జంటగా ఉంచమని మీకు దరఖాస్తు పెట్టానండి. జవాబొచ్చేలోపు పోయింది."

చక్రధరరావు గారు కొంచెం సేపు నుదురు రుద్దుకున్నారు. ఆయనకు గుర్తు రాలేదు. నీళ్ల మీద మాట దూరం పోతుంది కాబట్టి వసుంధర గారికి మాత్రం వినబడింది. ఆవిడ టోపీ తీసి గుండెలకు హత్తుకుంది.

"జత పోయిన బాతండీ," అని మొగుడితో అంది. కళ్లు తుడుచుకుంది. గట్టు మీద చాలామంది తుడుచుకున్నారు. వరహాలమ్మ పోయినప్పుడు ఆ ఆఫీసులోంచి ఒక్కరూ రాలేదు.

ఎండీ గారు పి.ఎ.ని కేకేయబోయి, పక్షి బెదురుతుందని గుర్తొచ్చి, వేలితో పిలిచారు. గుసగుసగా చెప్పి రాయించారు.

"సదరు పక్షి యొక్క పిల్లకు రెక్కలు వచ్చి, అది తనంతట తాను ఎగిరిపోవు వరకు, సదరు పక్షిని గూటి నుంచి కదిలించరాదు. ఎవరూ దగ్గరకు పోరాదు. గట్టిగా మాట్లాడరాదు. ఈ ఉత్తర్వు తక్షణమే అమల్లోకి వచ్చును."

నిలబడే సంతకం పెట్టారు. తరవాత ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, నీళ్లు చప్పుడు కాకుండా గట్టు చేరారు. షామియానా కర్రలు ఒకటొకటిగా దించారు. ఆకుపచ్చ టోపీలన్నీ నోటి మీద వేళ్లు పెట్టుకుని, మునివేళ్ల మీద నడుచుకుంటూ బస్సుల దాకా వెళ్లాయి. మేళం వాళ్లు కూడా డోలు నెత్తిన పెట్టుకుని అలాగే వెళ్లారు.

మాలిని నోరు తెరుచుకుని చూసింది.

"నానా, ఆళ్లెందుకలగ నడస్తన్నారు?"

"మనం ఎగిరిపోతామని భయంరా."

"మరి ఎగరమా?"

తవిటినాయుడు క్యారేజీ విప్పాడు. పై గిన్నెలో చేపల పులుసు ఉంది.

"ముందు తిను," అన్నాడు. "ముల్లు సూసుకో."